వేరావలు నుంచి వచ్చిన పాటల డబ్బా

ఆ వస్తువును మ్యూజిక్ ప్లేయర్ అనడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. మా వాడలో అందరూ దాన్ని డబ్బా అనేవారు, నేనూ అదే అంటాను. సబ్బుబిళ్ల కన్నా సన్నం, అగ్గిపెట్టె కన్నా కాస్త పొడుగు. తెల్లటి ప్లాస్టిక్కు. మధ్యలో గుండ్రంగా ఒక చక్రం. నిజం చక్రమైతే బాగుండును, అది చక్రం బొమ్మ. వేలు అరిగేలా రుద్దినా తిరగదు. తిరగని చక్రం దేనికయ్యా అంటే, పేరున్న కంపెనీ ప్లేయరుకి చక్రం ఉంది కాబట్టి దీనికీ ఉండాలట. పులిని చూసి నక్క వాత పెట్టుకోవడమంటే ఇదే.

మా ఊరి మగవాళ్లు ఏటా గుజరాత్‌లో వేరావలు రేవుకి బోట్ల మీద పనికి పోతారు. మా అమ్మ తమ్ముడు, అంటే మా మావ, ఆ ఏడు రైలెక్కే ముందు నీకేం కావాలే అని అడిగాడు. నేనప్పుడు శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతున్నాను. మా క్లాసులో ఒకమ్మాయి దగ్గర ఆ పేరున్న ప్లేయరు ఉండేది. దాని పేరు మావ చేత మూడుసార్లు పలికించి పంపాను. చేపల వేట ముగించుకుని తిరిగొచ్చి, లుంగీ మడతలోంచి డబ్బా తీసి, వరమిస్తున్న దేవుడిలా నా చేతిలో పెట్టాడు.

“ఇదేటి మావా?”

“నువ్వడిగిందే గదే.”

“నేనడిగింది ఇది కాదు.”

“తెల్లగున్నాదా, నేదా? సెక్రం ఉన్నాదా, నేదా? పాటలొస్తాయా, రావా? ఇంకేటి గావాల నీకు?”

ఇంకేం కావాలో వినే ఓపిక మావకి లేదు. పోనీ గుడ్డి కన్నా మెల్ల నయమని సరిపెట్టుకుందామా అంటే, ఇది మెల్ల కూడా కాదు. దాని తెర మీద వచ్చేవన్నీ చైనా అక్షరాలు. తెలుగు పాట పేరు వస్తే గళ్లు గళ్లుగా కనిపించేది. వైరు గుచ్చే కన్నం వదులు. వైరును ఒక పక్కకి వంచి, రబ్బరుబ్యాండు చుట్టి, ఊపిరి బిగబట్టి కూర్చుంటే పాట వినిపించేది. అది కూడా ఒక్క చెవిలోనే. రెండో చెవి మొదటి వారమే చచ్చింది. సన్న బ్యాటరీ ఒకటి వేస్తే తలుచుకున్నన్నాళ్లు పాడి, తలుచుకున్నప్పుడు ఆగిపోయేది. దాని తలపు నాకు ఏనాడూ అంతుబట్టలేదు.

కోటబొమ్మాళిలో ప్యాసింజరు ఎక్కి శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో దిగేదాన్ని. దారి పొడుగునా డబ్బా సంచీ అడుగునే ఉండేది. పైకి తెల్ల వైరు మాత్రమే కనపడనిచ్చేదాన్ని. తెల్ల వైరు చూసి మనుషులు లోపల ఏముందో వాళ్లే ఊహించుకునేవారు. ఊహించుకున్నాక కాస్త జరిగి చోటు కూడా ఇచ్చేవారు. ఒక వైరుకి చోటు ఇచ్చే మనుషుల మీద నాకు గౌరవం ఎలా ఉంటుంది? అలాగని ఆ వైరు దాచనూ లేదు నేను. మా క్లాసమ్మాయి మాత్రం తన ప్లేయరును అరచేతిలో పట్టుకునే తిరిగేది. సౌండు క్వాలిటీ అనేది, బాస్ అనేది. ఏం వింటున్నావే అని ఒకసారి ఒక చెవి తీసి పెట్టుకుని చూశాను. ఏమీ మోగడం లేదు. చార్జింగు అయిపోయిందట. అయినా తలూపుతూనే ఉంది.

పాటలు ఎక్కించేది కోటబొమ్మాళి సంతకి ఎదురుగా ఉన్న సెల్లు కొట్టువాడు. నేను ఏ పాటలు అడిగినా వాడికి నచ్చినవే ఎక్కించేవాడు. కావలసినవి నాలుగు, వద్దన్నవి నలభై. ఆ నాలుగూ భక్తి పాటలు, మా అమ్మ కోసం.

కొన్నాళ్లకి డబ్బాకి ఒక కొత్త రోగం పట్టింది. పాటలన్నీ తొందరగా నడవడం మొదలుపెట్టాయి. పాడే మనిషి వెనక కుక్క పడ్డట్టు. మగగొంతు ఆడగొంతులా, ఆడగొంతు పిట్టగొంతులా వినిపించేది. చైనా అక్షరాల్లో ఎక్కడో వేగం పెంచే మీట ఉంటుందట, అది ఎవరో నొక్కారు. ఎవరో ఏం చెప్పను, మా ఇంట్లో దాన్ని నొక్కని చెయ్యి లేదు. తగ్గించమని కొట్టువాడి దగ్గరికి తీసుకెళితే, అటూ ఇటూ తిప్పి చూసి తిరిగిచ్చేశాడు.

“ఫాస్టుగుంటే ఏటి నష్టం? పాట బేగైపోద్ది, బ్యాటరీ కలిసొస్తాది,” అన్నాడు.

నేను తిట్టుకుంటూ ఇంటికొచ్చాను. అమ్మ మాత్రం ఆ పాటలు అలాగే వినేది. చేపలు అమ్ముకుని తిరిగొచ్చి, కాళ్లు కడుక్కుని, డబ్బాని మావ తెచ్చిన మరో పనికిమాలిన స్పీకరుకి తగిలించి, వంట చేస్తూ వినేది. చుట్టుపక్కల ఆడవాళ్లు వచ్చి కూర్చునేవారు. నెల తిరిగేసరికి మా వాడలో ఆ నాలుగు పాటల వేగం అదే అయిపోయింది. చంటిపిల్లలకి జోలపాడినా ఆ వేగంతోనే పాడేవారు. ఆ పిల్లలు ఎలా నిద్రపోయారో వాళ్లకే తెలియాలి.

అమ్మ పొద్దున్నే రేవులో చేపలు కొని, బుట్టకెత్తి, రైతుల ఊళ్లకి నడిచి వెళ్లి అమ్మేది. మాకు దగ్గర్లో ఒక పెద్ద రైతుల ఊరు ఉంది. పెళ్లయిన నాటి నుంచీ అమ్మ ఆ ఊరికే పోతోంది. అక్కడ ఒక మేడింటి వాళ్లు ఆమెకి పాత బేరం. ఆ ఇంట్లో పిల్లవాడు పాకే రోజుల్నుంచి, విశాఖలో ఇంజనీరింగు చదువుకి వెళ్లేదాకా వాళ్ల కూరలన్నీ అమ్మ బుట్టలోంచి వెళ్లినవే. అయినా అమ్మ ఏనాడూ గేటు దాటి లోపలికి అడుగుపెట్టలేదు. బుట్ట గేటు బయటే దించాలి. నీచు నీళ్లు వాకిట్లో పడకూడదు. చేప వండుకున్నప్పుడు ఆ నీచు ఎటు పోతుందని నేను అడిగేదాన్ని. అమ్మ నా నోరు మూయించేది.

ఆ రోజుల్లో మా జిల్లాలో ఏ ఊరు చూసినా కోలాటమే. ఆడవాళ్లంతా ఒకే రంగు చీరలు కట్టి, రెండు చేతులా కోలలు పట్టుకుని, పండగకీ జాతరకీ ఆడేవారు. మా వాడ ఆడవాళ్లకీ ఆ పిచ్చి పట్టింది. అమ్మే అందరినీ పోగేసింది. శ్రీకూర్మం వైపు నుంచి ఒక గురువుగారిని పిలిపించారు. ఆయన సాయంత్రాలు తుఫాను షెల్టరు మేడ మీద కోపులు నేర్పాడు. కోపు అంటే కోలాటంలో ఒక వరస అడుగులు, ఒక వరస దెబ్బలు. నాలుగు కోపులు నేర్పి, ఇంకో ఊరి నుంచి పిలుపొస్తే వెళ్లిపోయాడు. అప్పటి నుంచి మా వాళ్లకి గురువు డబ్బానే.

నేను రోజూ సాయంత్రం ఆ మేడ మీద గోడకి చేరబడి వైరు పట్టుకుని కూర్చునేదాన్ని. వైరు వదిలితే పాట ఆగేది, పాట ఆగితే నన్ను తిట్టేవారు. మొదట్లో ఆ వేగానికి వాళ్ల కాళ్లు తడబడ్డాయి, వేళ్ల మీద కోలలు పడ్డాయి. ఓలమ్మో ఓలమ్మో అని ఒకటే గోల. డబ్బా తప్పని నేను చెప్పాను. పాట మనకోసం తగ్గుతాదేటే, మనమే పెరగాల, అంది అమ్మ. పెరిగారు. పొద్దంతా ఇసకలో బుట్టతో నడిచే కాళ్లు కదా, సిమెంటు గచ్చు మీద ఎగిరిపడ్డాయి. ఇది అసలు వేగం కాదన్న సంగతి కొన్నాళ్లకి వాళ్లూ మరిచిపోయారు, నేనూ మరిచిపోయాను.

అలాంటప్పుడు ఆ రైతుల ఊరి అమ్మవారి పండగకి ఆడమని కబురొచ్చింది. వాళ్ల సొంత బృందం ఆడవాళ్లు తమలో తాము కొట్టుకుని విడిపోయారు. ఊళ్లో మైకుసెట్టు పెట్టే ఆయన మా పేరు చెప్పాడు. దిక్కులేక పిలిచారని నాకు తెలుసు. అమ్మకీ తెలుసు. అయినా ఆ రాత్రి అన్నం తింటూ, ఎవరో పక్కన వింటారేమో అన్నట్టు మెల్లిగా అంది.

“ఆ ఊరోలు నన్ను ఒక్కసారైనా బుట్ట నేకుండా సూడాలే.”

అమ్మ నోటి వెంట అంతకు ముందు ఎప్పుడూ ఇది కావాలి అన్న మాట వినలేదు నేను. చీర కావాలని అడిగిన మనిషి కాదు.

పండగ నాడు అందరూ పసుపు చీరలు కట్టారు. తలనిండా పూలు, కాళ్లకి గజ్జెలు. అమ్మ రెండుసార్లు సబ్బుతో చేతులు తోముకుని, వాసన చూడమని నా ముక్కు దగ్గర పెట్టింది. దీపాలు పెట్టే వేళకి గుడి ముందు మైదానంలో నిలబడ్డారు. ముందు వరసలో అమ్మ. ఊరంతా చుట్టూ చేరింది. మైదానానికి ఎదురుగా ఉన్న మేడింటి అరుగు మీద ఆ ఇంటావిడ కుర్చీ వేసుకుని కూర్చోవడం కూడా చూశాను.

నేను డబ్బా పట్టుకుని మైకుసెట్టు దగ్గరికి వెళ్లాను. అక్కడ ఆ మేడింటి అబ్బాయి ఉన్నాడు. పండగ కమిటీలో వాడే పెద్ద. మెడలో తెల్ల వైర్లు, చేతిలో అసలు సిసలు చక్రం ఉన్న ప్లేయరు. నా డబ్బాని, దాని రబ్బరుబ్యాండుని చూసి ముఖం చిట్లించాడు.

“ఏంటమ్మా ఇది? దీన్ని పెడితే మా పండగ పరువేం కావాలి? మీరు ఆడే పాటలు నా దాంట్లోనూ ఉన్నాయి. ఒరిజినల్. తీసెయ్ దాన్ని.”

“మేం దీంతోనే నేర్చుకున్నామండీ.”

“పాట పాటే కదా. ఎందులో వస్తే ఏంటి?”

మైకుసెట్టాయన్ని చూశాను. ఆయన చుట్ట నములుతూ, “నాకేటి, ఏ వైరైనా ఆ కన్నంలోకే,” అన్నాడు. అబ్బాయి తన వైరు గుచ్చేశాడు.

పాట మొదలైంది. ఒప్పుకోవాలి, అంత స్పష్టంగా ఆ పాట నేనెప్పుడూ వినలేదు. వీణ వీణలా ఉంది, మనిషి గొంతు మనిషి గొంతులా ఉంది. మా వాళ్లకి మాత్రం అది ఎవరి పాటో తెలియలేదు. చరణం రాకముందే వాళ్ల అడుగు పడింది. దెబ్బ పడాల్సిన చోటికి కోల ముందే వెళ్లింది, ఎదుటి కోల రాలేదు. ఒకామె ఆగింది, ఆమెను వెనకామె గుద్దుకుంది. లోపలి వరస ఒక దిక్కుకి, బయటి వరస ఇంకో దిక్కుకి పోయాయి. అమ్మ వేళ్ల మీద పక్కావిడ కోల టపీమని పడింది. జనం గొల్లున నవ్వారు.

“సేపలు తోమడమనుకున్నారేటి!” అని ఎవడో వెనక నుంచి అరిచాడు. దానికి ఇంకా నవ్వారు.

నాకు అప్పుడు వెలిగింది. పాట సరిగ్గానే ఉంది. మా వాళ్లే అసలు పాట కన్నా ముందున్నారు.

“పాట ఆపండి. ఇది నెమ్మదిగా ఉంది,” అన్నాను.

“ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ సంగతి,” అని నవ్వాడు ఆ అబ్బాయి.

పాట ఆగింది గానీ నా మాటకి కాదు. అమ్మ వరసలోంచి బయటికి నడిచి వచ్చింది. దెబ్బ తగిలిన వేళ్లకి పైటకొంగు చుట్టుకుంది. పాకే రోజుల నుంచి చూసిన పిల్లవాడి ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

“నీది మంచిదే బాబూ. మాకే అలవాటు నేదు. మా డబ్బా పెట్టించు బాబూ, ఒక్కపాలి.”

ఆ బాబూ అనడం వింటే నాకు ఒళ్లు మండిపోయింది. వాడికి మాత్రం బతిమాలించుకున్నాక తృప్తి కలిగింది. సరే, మీ పరువు మీ ఇష్టం అన్నట్టు చెయ్యి ఊపి పక్కకి జరిగాడు. డబ్బా వైరు గుచ్చాను. రబ్బరుబ్యాండు తెగి చేతికొచ్చింది. ఇంక చేసేది లేక, వైరును వంచి వేళ్లతో నొక్కి పట్టుకుని ఆ పెట్టెల మధ్య గొంతుక్కూర్చున్నాను.

అంత పెద్ద మైకుల్లో మా పాట ఎలా ఉంటుందో నేను ఊహించలేదు. కోడిపిల్లల్ని గంప కింద మూసినట్టు కిచకిచమంది. జనం పొట్ట పట్టుకుని నవ్వారు. అబ్బాయి చెవులు మూసుకుని స్నేహితులకి చూపించాడు. నా డబ్బా మీద నాకున్న అసహ్యమంతా ఆ నిమిషంలో పొంగింది. విసిరికొట్టాలనిపించింది. విసిరికొడితే పాట ఆగుతుంది. పాట ఆగితే అమ్మ ఆగుతుంది.

కోలలు మొదటిసారి కలిసినప్పుడు ఒకటే చప్పుడు వచ్చింది. అన్ని కోలలకీ ఒక్కటే చప్పుడు. రెండో దెబ్బా అంతే. పసుపు చీరల వరసలు ఒకదానిలోంచి ఒకటి దూరి, విడిపోయి, మళ్లీ కలిశాయి. వంగి కొట్టారు, తిరిగి కొట్టారు, వెనక్కి చెయ్యి పెట్టి చూడకుండా కొట్టారు. ఆ వేగంతో ఆడే కోలాటం ఆ ఊరే కాదు, ఏ ఊరూ చూసి ఉండదు. నవ్వులు ఎప్పుడు ఆగాయో నాకు తెలియదు. నా వేళ్లు తిమ్మిరెక్కాయి. పాట అయిపోయాక ఈలలు, చప్పట్లు. మళ్లీ ఆడమన్నారు. నాలుగు పాటలూ అయ్యాక మొదటిది మళ్లీ ఆడారు.

“స్పీడు పెంచితే ఎవరైనా ఆడతారు,” అన్నాడు ఆ అబ్బాయి స్నేహితులతో. వాడి నుంచి అంతకన్నా నేను ఆశించలేదు.

అందరికీ తలో జాకెట్టు ముక్కా, తాంబూలమూ ఇచ్చారు. ఆటోలో తిరిగొస్తూ అమ్మ వాచిన వేళ్లు ఒళ్లో పెట్టుకుని, చీకట్లో ఒక్కర్తే నవ్వుకుంటోంది. అంత సంతోషం ఆమె ముఖంలో నేను మళ్లీ చూడలేదు.

మర్నాడు పొద్దున్న అమ్మ వేళ్లు ముడుచుకోవడం లేదని, బుట్ట ఎత్తడానికి నేనూ వెంట వెళ్లాను. మేడింటి గేటు బయట బుట్ట దించాం. ఆ ఇంటావిడ పళ్లెం పట్టుకుని వచ్చింది. ముఖమంతా నవ్వు.

“ఏమే, ఇయ్యాల కవళ్ల సేపలేనా? నిన్న మా పండక్కి కోలాటం పెట్టేర్లే. నువ్వు సూసుండవు గానీ, ఓలమ్మ, ఏటాడేరనుకున్నావు! ఆ ముందరున్నావిడ ఉన్నాది సూడు, ఆయమ్మ కాలు నేల మీద నిలిస్తే గదా!”

చేపలు తీస్తున్న అమ్మ చెయ్యి ఆగింది.

“మా ఊరోలేనమ్మా.”

“మీ ఊరా? మీకూ అలాటివి ఒస్తాయేటి? ఎవలే ఆయమ్మ?”

అమ్మ తలెత్తింది.

“నానేనమ్మా.”

ఆవిడ అమ్మని కింది నుంచి మీదికి చూసింది. నీచు మరకల చీర, తల మీద చుట్టకుదురు, గేటు బయట గొంతుక్కూర్చున్న మనిషి. చూసి, పకపకా నవ్వింది. నవ్వుతూనే లోపలికి కేకేసింది.

“ఒరే, ఇలగొచ్చి సూడు. నిన్న కోలాటం ఆడింది ఈవిడంట!”

అబ్బాయి గుమ్మంలోకి వచ్చాడు. చెవుల్లో తెల్ల వైర్లు. ఒక చెవిలోది తీసి అమ్మ వంక చూశాడు. నిన్న తన ముందు చేతులు కట్టుకుని నిలబడిన మనిషిని చూశాడు. “ఎవరు?” అని, మళ్లీ చెవిలో పెట్టుకుని లోపలికి పోయాడు.

“హాస్యాలు సాల్లే గానీ, ఇయి తాజాయేనా?” అంది ఆవిడ.

“తాజాయే అమ్మా,” అని అమ్మ పళ్లెంలో చేపలు వేసింది. ఎప్పటిలాగే నాలుగు ఎక్కువే వేసింది.

దారిలో నేను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆవిడ్ని, ఆ అబ్బాయిని, ఆ ఊరిని, ఇవన్నీ విని ఊరుకున్నందుకు అమ్మని కూడా. పసుపు చీర కడితే దేవతలా చూసి, బుట్ట ఎత్తితే ముఖం కూడా గుర్తుపట్టని కళ్లు ఎందుకవి, కాకులకి వేయడానికి తప్ప? అమ్మ తర్వాత ఇంట్లో ఎవరికీ ఆ సంగతి చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు. సాయంత్రం మామూలుగా మేడ మీదికి వెళ్లి ఆడింది.

ఆ ఏడాదిలోనే మా కాలేజీలో ఎవరో చైనా అక్షరాల్లో ఆ మీట ఎక్కడుందో కనిపెట్టి డబ్బా రోగం కుదిర్చారు. మా ఆడవాళ్లు రెండు నిమిషాలు విని, పాటకి జొరమొచ్చినాదేటే, ముందున్నట్టు పెట్టు అన్నారు. ముందున్నట్టే పెట్టాను. వాళ్ల కోలాటం పేరు అప్పటికి చుట్టుపక్కల పాకింది. పిలుపులు వస్తున్నాయి, వెళుతున్నారు.

మరుసటి పండగకి ఆ రైతుల ఊరి నుంచి మళ్లీ కబురొచ్చింది. ఈసారి దిక్కులేక కాదు. వాళ్ల బృందం మళ్లీ కలిసినా మేమే కావాలన్నారట. మైకుసెట్టాయన స్వయంగా వచ్చాడు. మీ డబ్బాతోనే ఆడండి, ఎవరూ ఏమీ అనరు అన్నాడు. ఆడవాళ్లందరూ అమ్మ ముఖం చూశారు. అమ్మ ఎండుచేపలు తిరగేస్తోంది. పని ఆపలేదు.

“మేం రాం,” అంది. “పొద్దుటేల గేటుకాడ గుర్తుపట్టనోలకి, సాయంత్రమేల ఆడి సూపించేదేటి?”

ఆయన అమ్మ ముఖం చూసి లేచిపోయాడు. ఆ పండగ నాడు పొద్దున్న అమ్మ ఎప్పటిలాగే బుట్టెత్తుకుని ఆ ఊరికి చేపలమ్మడానికి వెళ్లింది.